జన్యు సమతాస్థితి, దాన్ని చెదరగొట్టే శక్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

జన్యుశాస్త్రంలో హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం పాఠం దగ్గర మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తుంటాయి. సూత్రం నోటికి వచ్చినవాళ్లు కూడా "సరే, దీంతో ఏం తెలుస్తుంది?" అన్నచోట ఆగిపోతారు. అది వాళ్ల తప్పు కాదు. ఈ పాఠాన్ని చాలామంది లెక్కగా మొదలుపెట్టి లెక్కగానే ముగిస్తారు. నిజానికి ఇది ఒక ప్రశ్నకు జవాబు: ఎవరూ కదపకపోతే ఒక జనాభాలో జన్యువుల నిష్పత్తి తనంతట తాను మారుతుందా? మారదు. కాబట్టి మారిందంటే ఏదో ఒకటి దాన్ని కదిపిందన్నమాట. ఆ కదిపినదాన్ని పట్టుకోవడానికే ఈ సూత్రం.

ప్రశ్నలను అడిగేవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదటిసారి చదువుతున్నప్పుడు

జన్యు సమతాస్థితి అంటే ఏమిటి? అందులో ఏది మారకుండా ఉంటుంది?

ఒకే జాతికి చెంది, ఒకచోట ఉంటూ, తమలో తాము సంతానాన్ని కనే జీవుల గుంపును జనాభా అంటాం. ఆ గుంపులో ఒక జన్యువుకు ఉన్న రకరకాల రూపాలే యుగ్మవికల్పాలు, అంటే అల్లీల్‌లు. ప్రతి అల్లీల్ మొత్తంలో ఎంత వాటా ఉందో చెప్పే సంఖ్య దాని పౌనఃపున్యం. ఈ వాటాలు తరం తర్వాత తరం మారకుండా ఉండి, వాటి నుంచి ఏర్పడే జన్యురూపాల (ఒక్కో జీవిలో ఉండే అల్లీల్‌ల జతల) నిష్పత్తి కూడా స్థిరంగా ఉంటే ఆ జనాభా ఆ జన్యువు విషయంలో సమతాస్థితిలో ఉన్నట్టు. "ఆ జన్యువు విషయంలో" అన్న మాట ముఖ్యం. ఒకే జనాభా ఒక జన్యువు దగ్గర సమతాస్థితిలో ఉండి, ఇంకో జన్యువు దగ్గర వేగంగా మారుతూ ఉండొచ్చు.

సమతాస్థితి అంటే రెండు అల్లీల్‌లూ సగం సగం ఉండటమా?

కాదు. 0.5–0.5 ఎంత సమతాస్థితో 0.99–0.01 కూడా అంతే సమతాస్థితి. వాటాలు సమానంగా ఉండాలన్న నియమమేమీ లేదు, మారకుండా ఉంటే చాలు.

బహిర్గత లక్షణం కాలం గడిచేకొద్దీ జనాభా అంతటా నిండిపోవాలి కదా?

ఈ సందేహం వచ్చినవాళ్లు సిగ్గుపడాల్సిన పనిలేదు. ఈ సూత్రం పుట్టిందే దీనివల్ల. 1908లో జన్యుశాస్త్రవేత్త రెజినాల్డ్ పన్నెట్ లండన్‌లో మెండెల్ సిద్ధాంతం మీద ప్రసంగించారు. వేళ్లు పొట్టిగా ఉండే బ్రాకీడాక్టిలీ బహిర్గత లక్షణమైతే, అంటే ఒక్క కాపీ ఉన్నా పైకి కనిపించేదైతే, కాలక్రమంలో నలుగురిలో ముగ్గురికి పొట్టి వేళ్లు ఉండాలి కదా అన్న ప్రశ్న ఆ సందర్భంలో వచ్చింది. పన్నెట్ దాన్ని తనతో క్రికెట్ ఆడే కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త జి.హెచ్. హార్డీ దగ్గరికి తీసుకెళ్లారు.

హార్డీ లెక్క చిన్నది. 10,000 మంది మామూలు వేళ్లవాళ్లకు ఒక్కరు చొప్పున రెండు పొట్టివేళ్ల అల్లీల్‌లూ ఉన్నవాళ్లు ఉన్నారనుకోండి. అందరూ యాదృచ్ఛికంగా జతకడితే, తర్వాతి తరంలో పొట్టి వేళ్లవాళ్లు దాదాపు రెట్టింపవుతారు, అంటే 10,000కు ఇద్దరు. ఒక్కొక్కరి దగ్గర జంటగా ఉన్న అల్లీల్‌లు విడివడి ఇద్దరిలోకి చేరడమే దీనికి కారణం. ఆ తర్వాత ఎన్ని తరాలు గడిచినా అది 10,000కు ఇద్దరుగానే ఉంటుంది.

అల్లీల్ బహిర్గతమా, అంతర్గతమా (రెండు కాపీలూ ఉంటేనే కనిపించేదా) అన్నది అది శరీరంలో ఎలా కనిపిస్తుందో చెబుతుంది. తర్వాతి తరానికి ఎన్ని కాపీలు వెళతాయో చెప్పదు. 3:1 నిష్పత్తి ఇద్దరు విషమయుగ్మజ (రెండు వేర్వేరు అల్లీల్‌లున్న) తల్లిదండ్రుల పిల్లలకు వర్తించేది. దాన్ని జనాభా మొత్తానికి అంటగడితేనే ఈ చిక్కు.

హార్డీ, వైన్‌బర్గ్ కలిసి పనిచేశారా?

లేదు. విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వైద్యుడు. ఆయన తన ఫలితాన్ని 1908 జనవరిలో ఒక ప్రసంగంలో చెప్పారు. హార్డీ రాసినది అదే ఏడాది జులైలో అచ్చయింది. వైన్‌బర్గ్ జర్మన్ భాషలో రాయడం వల్ల ఆంగ్ల శాస్త్రలోకం ఆయన్ని దాదాపు మరిచిపోయి, చాలా ఏళ్లు దీన్ని హార్డీ నియమం అనే పిలిచింది. 1943లో జన్యుశాస్త్రవేత్త కర్ట్ స్టెర్న్ గుర్తుచేశాకే ఆయన పేరు కూడా చేరింది. మానవ జన్యుశాస్త్రంలో వైన్‌బర్గ్ చేసిన పని చాలా లోతైనది, ఆయనకు రావాల్సిన గుర్తింపు ఆలస్యంగా వచ్చింది.

ఐదు షరతులు అంటారు కదా, అవన్నీ పాటించే జనాభా ఎక్కడైనా ఉందా? లేకపోతే ఎందుకు చదవాలి?

ఆ షరతులు ఇవి: కొత్త ఉత్పరివర్తనలు (డీఎన్ఏలో వచ్చే మార్పులు) రాకూడదు, వలస ఉండకూడదు, ప్రకృతివరణం (కొన్ని రూపాలున్నవాళ్లకే ఎక్కువ సంతానం మిగలడం) పనిచేయకూడదు, జనాభా అపరిమితంగా పెద్దదై ఉండాలి, జతకట్టడం యాదృచ్ఛికంగా జరగాలి. అన్నిటినీ నూటికి నూరుపాళ్లు పాటించే జనాభా లేదు. ఉండదు కూడా.

అయినా చదవాలి. రాపిడి లేని తలం ఎక్కడా లేకపోయినా భౌతికశాస్త్రంలో దాంతోనే మొదలుపెడతారు, రాపిడి ఎంతో తెలియాలంటే అది లేనప్పుడు ఏమవుతుందో ముందు తెలియాలి కాబట్టి. ఇక్కడా అంతే. ఏ శక్తీ లేనప్పుడు రావాల్సిన సంఖ్య ఒకటి చేతిలో ఉంటే, నిజంగా వచ్చిన సంఖ్యకూ దానికీ ఉన్న తేడాను కొలవొచ్చు. ఆ తేడా ఏ వైపుకు ఉంది, ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఏ శక్తి పనిచేసిందో ఊహించవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. షరతులు కొద్దిగా తప్పినా చాలా జన్యువుల దగ్గర ఈ లెక్క ఆశ్చర్యపోయేంత దగ్గరగా వస్తుంది.

అల్లీల్ పౌనఃపున్యం, జన్యురూప పౌనఃపున్యం రెండూ ఒకటేనా?

ఎక్కువమంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఎంఎన్ రక్తవర్గాన్నే తీసుకోండి. ఇందులో ఎం, ఎన్ అని రెండు అల్లీల్‌లు ఉంటాయి. రెండూ సహబహిర్గతాలే (కలిసి ఉన్నప్పుడు రెండూ కనిపిస్తాయి) కాబట్టి ఎంఎం, ఎంఎన్, ఎన్ఎన్ మూడు జన్యురూపాలనూ రక్త పరీక్షతోనే విడివిడిగా గుర్తించవచ్చు.

మొదటి ఊరిలో 1,000 మందిలో ఎంఎం 360, ఎంఎన్ 480, ఎన్ఎన్ 160 అనుకుందాం. రెండో ఊరిలో ఎంఎం 400, ఎంఎన్ 400, ఎన్ఎన్ 200. మొదటి ఊరిలో ఎం కాపీలు 720 + 480 = 1,200. రెండో ఊరిలో 800 + 400 = 1,200. మొత్తం కాపీలు రెండు చోట్లా 2,000. అంటే రెండు ఊళ్లలోనూ ఎం పౌనఃపున్యం 0.6. అల్లీల్‌లు ఒకే మోతాదులో ఉన్నాయి, వాటిని జతలుగా సర్దిన తీరు మాత్రం వేరు. మొదటి ఊరు సమతాస్థితిలో ఉంది, రెండోది లేదు.

## లెక్కల దగ్గర

పి + క్యూ = 1 అర్థమైంది. కానీ ఆ వర్గం ఎక్కణ్ణుంచి వచ్చింది? మధ్యలో 2 ఎందుకు?

పి ఒక అల్లీల్ వాటా, క్యూ రెండోదాని వాటా. అండంలో మొదటి అల్లీల్ ఉండే సంభావ్యత పి, శుక్రకణంలో ఉండే సంభావ్యత కూడా పి. రెండూ కలిసి రావడానికి పి × పి. అలాగే రెండో అల్లీల్‌కు క్యూ × క్యూ. విషమయుగ్మజం మాత్రం రెండు దారుల్లో వస్తుంది: తల్లి నుంచి మొదటిది, తండ్రి నుంచి రెండోది, లేదా తల్లి నుంచి రెండోది, తండ్రి నుంచి మొదటిది. అందుకే 2. మొత్తం కలిపితే పి² + 2పిక్యూ + క్యూ² = 1. బడిలో నేర్చుకున్న (ఎ + బి)² ఇదే.

వ్యాధి ఉన్నవాళ్లు ఎంతమందో మాత్రమే ఇచ్చారు. వాహకులు ఎంతమందో ఎలా కనుక్కోవాలి?

ఫినైల్‌కీటోన్యూరియా అంతర్గత వ్యాధి. అది 10,000 మంది శిశువుల్లో ఒకరికి వచ్చే జనాభాను తీసుకుందాం. వ్యాధి ఉన్నవాళ్లలో రెండు అల్లీల్‌లూ లోపమున్నవే కాబట్టి క్యూ² = 1/10,000. వర్గమూలం తీస్తే క్యూ = 0.01. పి = 0.99. వాహకులు, అంటే లోపమున్న కాపీ ఒక్కటే ఉన్నవాళ్లు, 2 × 0.99 × 0.01 = 0.0198, అంటే సుమారు 50 మందిలో ఒకరు.

ఈ సంఖ్య దగ్గర ఒక్క క్షణం ఆగండి. 10,000 మందిలో వ్యాధి ఉన్నది ఒక్కరికే, ఆ అల్లీల్‌ను ఏ ఇబ్బందీ లేకుండా మోస్తున్నవాళ్లు 198 మంది. అరుదైన అంతర్గత అల్లీల్ దాదాపు అంతా ఆరోగ్యవంతుల్లోనే దాగి ఉంటుంది. "మా ఇళ్లలో ఎవరికీ లేదు, బిడ్డకు ఎలా వచ్చింది?" అని బాధపడే తల్లిదండ్రులకు చెప్పాల్సిన జవాబు కూడా ఇందులోనే ఉంది.

నేను ఎప్పుడు లెక్క చేసినా మొత్తం 1 వస్తోంది. మరి జనాభా సమతాస్థితిలో లేదని ఎలా తెలుస్తుంది?

ఎందుకంటే మీరు క్యూ²తో మొదలుపెట్టి, దాన్నుంచి క్యూ తీసి, మళ్లీ పి², 2పిక్యూ లెక్కకడుతున్నారు. సమతాస్థితి ఉందని ముందే ఒప్పేసుకుని, ఆ తర్వాత అది ఉందా అని అడిగినట్టయింది. అలా చేస్తే జవాబు ఎప్పుడూ ఉందనే వస్తుంది.

పరీక్షించాలంటే మూడు జన్యురూపాలనూ విడిగా లెక్కపెట్టిన సంఖ్యలు కావాలి. ఎంఎం 400, ఎంఎన్ 400, ఎన్ఎన్ 200 వచ్చాయనుకోండి. కాపీలు లెక్కపెడితే పి = 0.6, క్యూ = 0.4. రావాల్సినవి 360, 480, 160. ఒక్కో తేడాను వర్గం చేసి, రావాల్సిన సంఖ్యతో భాగించి కలపండి: 4.44 + 13.33 + 10 = 27.8 దాకా వస్తుంది. ఇదే కై వర్గ విలువ. 5 శాతం స్థాయిలో, అంటే యాదృచ్ఛికంగా నూటికి ఐదుసార్లే దాటే హద్దు 3.84. దాన్ని ఎంతో దాటింది కాబట్టి సమతాస్థితి లేదు. విషమయుగ్మజాలు ఉండాల్సినదానికంటే 80 తక్కువున్నాయి, వెతకాల్సిన కారణం అక్కడుంది.

ఆ హద్దును ఎంచుకోవడానికి వాడే స్వాతంత్ర్య పరిమితి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) రెండు కాదు, ఒకటే. మూడు తరగతుల్లోంచి మొత్తానికి ఒకటి, అదే డేటా నుంచి పి అంచనా వేసినందుకు ఇంకొకటి తీసేయాలి. పరీక్షల్లో మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే.

చెదిరిన జనాభా మళ్లీ సమతాస్థితికి రావడానికి ఎన్ని తరాలు పడుతుంది?

మామూలు క్రోమోజోమ్ మీది ఒక జన్యువుకైతే ఒక్క తరం యాదృచ్ఛికంగా జతకడితే చాలు. ఆడ, మగ జీవుల్లో అల్లీల్ వాటాలు మొదట వేరువేరుగా ఉంటే ఇంకో తరం అదనం. కానీ తిరిగి వచ్చేది జన్యురూపాల నిష్పత్తి మాత్రమే, అల్లీల్ వాటాలు పాత విలువకు తిరిగి రావు. చెదిరి 0.6 నుంచి 0.7కు వెళితే, 0.7 దగ్గరే కొత్త సమతాస్థితి ఏర్పడుతుంది. గత స్థితికి లాగే బలమేదీ ఇక్కడ లేదు.

రెండు జన్యువుల కలయికలను చూస్తే ఇంత త్వరగా కుదుటపడవు. వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నా వాటి మధ్య అసమతుల్యత (అవి కలిసి వచ్చే తీరులోని తేడా) ఒక్కో తరానికి సగం చొప్పునే తగ్గుతుంది. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉంటే ఇంకా నెమ్మది.

ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువుకు ఇదే సూత్రం వాడొచ్చా?

ఆడవాళ్లకు వాడొచ్చు. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి వాళ్లలో వర్గం ఉండదు, వ్యాధి పౌనఃపున్యమే క్యూ. ఎరుపు, ఆకుపచ్చ రంగుల అంధత్వం మగవాళ్లలో 8 శాతం ఉన్న జనాభాలో క్యూ = 0.08. ఆడవాళ్లలో క్యూ² = 0.0064, అంటే 0.64 శాతం. మగవాళ్లలోనే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇంతే.

అల్లీల్‌లు మూడు ఉంటే?

(పి + క్యూ + ఆర్)² విస్తరించండి, ఆరు జన్యురూపాలు వస్తాయి. ఏబీఓ రక్తవర్గాల కథ దీనికి చక్కటి ఉదాహరణ. అవి రెండు వేర్వేరు జన్యువుల వల్ల వస్తాయని మొదట్లో అనుకునేవారు. 1920ల మధ్యలో గణిత శాస్త్రవేత్త ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అనేక జనాభాల రక్తవర్గాల సంఖ్యలను హార్డీ–వైన్‌బర్గ్ లెక్కతో పోల్చి చూశారు. రెండు జన్యువుల ఊహతో ఏబీ వర్గం వాళ్ల సంఖ్య ఎక్కడా పొసగలేదు. ఒకే జన్యువుకు మూడు అల్లీల్‌లు అన్న ఊహతో సరిపోయింది. ప్రయోగశాలలో ఒక్క సంకరణమూ చేయకుండా, జనాభా సంఖ్యలతోనే ఒక జన్యువు తీరును తేల్చేశారు.

## చెదరగొట్టే శక్తులు

ఉత్పరివర్తన వల్ల అల్లీల్ వాటాలు ఎంత వేగంగా మారతాయి?

చాలా నెమ్మదిగా. ఒక అల్లీల్ తరానికి లక్షకు ఒకటి చొప్పున ఇంకో రూపంలోకి మారుతోందని, ఇంకే శక్తీ లేదని అనుకుంటే, దాని వాటా సగానికి పడిపోవడానికి దాదాపు 69,000 తరాలు పడుతుంది. తరానికి 25 ఏళ్లనుకుంటే 17 లక్షల సంవత్సరాలు.

అలాగని దీన్ని తీసిపారేయకూడదు. మిగతా శక్తులన్నీ ఉన్న అల్లీల్‌లను అటూ ఇటూ చేస్తాయంతే, కొత్త అల్లీల్‌ను పుట్టించేది ఉత్పరివర్తన ఒక్కటే. మనలో ప్రతి బిడ్డా తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులను డీఎన్ఏలో సుమారు 60–70 దాకా మోసుకుని పుడుతుంది. అందులో చాలావరకు మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు.

ప్రకృతివరణం ఎంత వేగంగా పనిచేయగలదు? కళ్లముందు కనిపించే ఉదాహరణ ఉందా?

ఇంగ్లండ్‌లోని మిరియాల చిమ్మట ఉంది. దాని తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. 1848లో మాంచెస్టర్ దగ్గర నల్లటి రూపం నమోదైంది. 1895 నాటికి అక్కడి చిమ్మటల్లో దాదాపు 98 శాతం నల్లవే. ఫ్యాక్టరీల మసితో చెట్ల బెరడు నల్లబడింది, తెల్ల చిమ్మటలు పక్షుల కంట పడ్డాయి. ఏడాదికి ఒక తరం కాబట్టి ఇదంతా 50 తరాల లోపే జరిగింది. ఇంత వేగం రావాలంటే నల్ల చిమ్మట తెల్లదానికంటే ఒకటిన్నర రెట్ల సంతానాన్ని మిగిల్చి ఉండాలని 1924లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ లెక్కగట్టారు.

గాలి శుభ్రపడ్డాక కథ తిరగబడింది. నల్లవి తగ్గి, తెల్లవి మళ్లీ పెరిగాయి. ఒకే అల్లీల్ ఒక వాతావరణంలో లాభం, ఇంకోదాంట్లో నష్టం. "మంచి జన్యువు" అనే మాటను చుట్టూ ఉన్న పరిస్థితి చెప్పకుండా వాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రాణాంతకమైన అంతర్గత జన్యువు ఇన్నాళ్లకు అంతరించిపోవాలి కదా? ఎందుకు పోవడం లేదు?

ప్రకృతివరణం పట్టుకోగలిగేది రెండు కాపీలున్నవాళ్లనే. ఒక్క కాపీ ఉన్న ఆరోగ్యవంతుల్లో ఆ అల్లీల్ దానికి కనిపించదు. రెండు కాపీలున్న ఏ ఒక్కరికీ సంతానం కలగదనుకున్నా, వాటా 0.01 నుంచి 0.005కు తగ్గడానికి 100 తరాలు పడుతుంది. మనుషుల్లో అది 2,500 ఏళ్లు. అక్కణ్ణుంచి మళ్లీ సగం కావడానికి ఇంకో 200 తరాలు. అరుదయ్యేకొద్దీ దాక్కోవడం తేలికవుతుంది. ఇంకోవైపు ఉత్పరివర్తన కొత్త కాపీలను చేరుస్తూనే ఉంటుంది.

ఈ లెక్కను సమాజం ఇంకా ముందే వినాల్సింది. 20వ శతాబ్దం మొదటి సగంలో "లోపమున్నవాళ్లు" అని ముద్రవేసి మనుషులకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసిన దేశాలు కొన్ని ఉన్నాయి. అది ఘోరమైన అన్యాయం. వాళ్లు చెప్పుకున్న లక్ష్యం కూడా అంతర్గత లక్షణాల విషయంలో నెరవేరేది కాదని హార్డీ–వైన్‌బర్గ్ లెక్కే చూపిస్తుంది.

చికిత్సతో రోగులను బతికిస్తే ఆ జన్యువు జనాభాలో పెరిగిపోదా?

క్యూ 0.01 ఉన్నచోట, చికిత్స లేని కాలంలో వరణం ఒక్కో తరంలో తీసేసేది సుమారు 0.0001 మాత్రమే. అది ఆగిపోయినా పెరుగుదల ఆ మోతాదుకు మించదు. వందల ఏళ్లలో కూడా పెద్ద తేడా కనిపించదు. దీని గురించి టెన్షన్ పడి చికిత్సను అనుమానించడంలో అర్థం లేదు.

సికిల్ సెల్ జన్యువు అంత హాని చేస్తుంటే కొన్ని ప్రాంతాల్లో అంత ఎక్కువగా ఎందుకుంది?

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడం వల్ల ఈ వ్యాధి వస్తుంది. రెండు కాపీలుంటే తీవ్రమైన జబ్బు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకు మాత్రం ఫాల్సిపేరం మలేరియా తీవ్రరూపం నుంచి చాలావరకు రక్షణ ఉంటుంది. ఈ సంగతిని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పనితో చూపించారు.

ఇక్కడ వరణం రెండు వైపుల నుంచీ లాగుతోంది. మలేరియా ఉన్నచోట మామూలు సమయుగ్మజాలకు (రెండూ మామూలు కాపీలే ఉన్నవాళ్లకు) 10 శాతం నష్టం, సికిల్ సమయుగ్మజాలకు పూర్తి నష్టం అనుకుంటే, అల్లీల్ వాటా 0.1 ÷ (0.1 + 1), అంటే 0.09 దగ్గర నిలబడుతుంది. ఆ జనాభాలో పుట్టే ప్రతి ఆరుగురిలో ఒకరు వాహకులు, వెయ్యిమందిలో దాదాపు ఎనిమిది మందికి జబ్బు. వరణం పనిచేస్తూనే వాటా మారకుండా ఉన్న సందర్భం ఇది. అంటే ఇక్కడి నిలకడకు కారణం శక్తులు లేకపోవడం కాదు, అవి ఒకదాన్నొకటి ఆపడం. మలేరియా లేని చోటికి వెళ్లిన జనాభాలో ఈ లాభం పోతుంది, వాటా తరతరానికీ తగ్గుతుంది.

జన్యు విస్థాపనం అంటే కేవలం అదృష్టమేనా? అదృష్టం వల్ల పరిణామం ఎలా జరుగుతుంది?

అవును, కేవలం యాదృచ్ఛికమే. నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడటం వింత కాదు, వెయ్యిసార్లు ఎగరేస్తే ఏడొందలు పడవు. చిన్న జనాభాలో తర్వాతి తరానికి వెళ్లే సంయోగబీజాలు (అండాలు, శుక్రకణాలు) కొన్నే కాబట్టి, అల్లీల్ వాటా ప్రతి తరంలోనూ కొంచెం అటో ఇటో జరుగుతుంది. జరిగినచోట నుంచే మళ్లీ జరుగుతుంది. చివరికి ఒక అల్లీల్ పూర్తిగా పోతుంది, ఇంకోటి పూర్తిగా నిండుతుంది.

పీటర్ బూరి 1956లో ప్రచురించిన ప్రయోగం దీన్ని అద్భుతంగా చూపించింది. 107 సీసాల్లో పండ్ల ఈగలు, ఒక్కో దాంట్లో 8 మగ, 8 ఆడ. కంటి రంగు జన్యువుకు చెందిన రెండు అల్లీల్‌లు మొదట అన్నిట్లోనూ సగం సగం. ప్రతి తరంలోనూ పిల్లల్లోంచి ఏ ఎంపికా లేకుండా 8 మగ, 8 ఆడ ఈగలను తీసి కొత్త సీసాలో వేశారు. 19 తరాల తర్వాత 30 సీసాల్లో ఒక అల్లీల్ మాయమైంది, 28 సీసాల్లో అదే అల్లీల్ నూరుశాతం నిండింది. మిగతావి మధ్యలో చెల్లాచెదురుగా ఉన్నాయి. అన్నీ ఒకేచోట మొదలయ్యాయి, ఒకే తిండి, ఒకే గది. అయినా దారులు వేరు. కానీ 107 సీసాల సగటు తీస్తే వాటా మొదలైన సగం దగ్గరే ఉంది! విస్థాపనానికి ఇష్టమైన దిక్కు ఉండదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

స్థాపక ప్రభావానికీ సీసామెడ ప్రభావానికీ తేడా ఏమిటి?

రెండూ విస్థాపనమే, దారులు వేరు. కొద్దిమంది విడిపోయి కొత్తచోట జనాభాను మొదలుపెడితే స్థాపక ప్రభావం. ఉన్న జనాభాయే విపత్తులో కూలిపోయి, మిగిలిన కొద్దిమంది నుంచి మళ్లీ పెరిగితే సీసామెడ.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో లాంకస్టర్ ప్రాంతపు ఆమిష్ అనే మత సమాజపు ప్రజల్లో ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్ మిగతా ప్రపంచంతో పోలిస్తే చాలా ఎక్కువ. అదనపు వేళ్లు, పొట్టితనం దాని లక్షణాలు. 18వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఒక జంట దగ్గరికి ఈ అల్లీల్ మూలం వెళుతుంది. ఇది స్థాపక ప్రభావం. పసిఫిక్‌లోని పింగెలాప్ దీవిలో 1775 ప్రాంతంలో వచ్చిన తుఫాను తర్వాత మిగిలింది సుమారు 20 మంది. ఇప్పుడు వాళ్ల సంతతిలో 5 నుంచి 10 శాతం మందికి రంగులే కనిపించని సంపూర్ణ వర్ణాంధత్వం ఉంది. ఇది సీసామెడ.

సంఖ్య పెరిగినంత మాత్రాన పోయిన వైవిధ్యం తిరిగి రాదు. ఉత్తర ఏనుగు సీల్‌లను 19వ శతాబ్దంలో నూనె కోసం వేటాడి దాదాపు తుడిచిపెట్టారు. ఇప్పుడు అవి లక్షకు పైగా ఉన్నాయి. అయినా 1974లో వాటిలో 24 జన్యుస్థానాలను (క్రోమోజోముల మీద జన్యువులుండే చోట్లను) పరీక్షిస్తే ఒక్కదాంట్లోనూ తేడా కనిపించలేదు.

వెయ్యి జంతువులుంటే చాలదా? "ప్రభావ జనాభా పరిమాణం" అని మళ్లీ వేరే లెక్క ఎందుకు?

తలలు లెక్కపెడితే సరిపోదు, సంతానానికి జన్యువులు ఇచ్చేవాళ్లను లెక్కపెట్టాలి. 10 మగ, 90 ఆడ జంతువులున్న మందలో ప్రభావ పరిమాణం 4 × 10 × 90 ÷ 100 = 36. వంద జంతువులున్నా, విస్థాపనం దృష్టిలో అది 36 జంతువుల మందే.

వలస వల్ల మంచి జరుగుతుందా, చెడు జరుగుతుందా?

వలసతో జరిగే జన్యు ప్రవాహం రెండు జనాభాల మధ్య తేడాను చెరిపేస్తుంది. అది మంచో చెడో సందర్భమే చెబుతుంది. స్థానిక పరిస్థితికి అమరిన అల్లీల్‌లను బయటి నుంచి వచ్చే ప్రవాహం పలచబరిస్తే నష్టం. ఫ్లోరిడా పాంథర్ విషయంలో మాత్రం అదే ప్రాణం పోసింది. 1990ల నాటికి అవి 20–30 దాకా మిగిలాయి. వంకర తోకలు, దిగని వృషణాలు, గుండె లోపాలు సాధారణమైపోయాయి. 1995లో టెక్సాస్ నుంచి అదే జాతికి చెందిన 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. తర్వాతి ఏళ్లలో లోపాలు తగ్గాయి, సంఖ్య దాదాపు మూడు రెట్లైంది.

దగ్గరి బంధువుల మధ్య సంతానం వల్ల చెడు జన్యువులు పెరుగుతాయా?

జన్యువుల సంఖ్య పెరగదు. అల్లీల్ వాటా అలాగే ఉంటుంది, సమయుగ్మజాలు పెరిగి విషమయుగ్మజాలు తగ్గుతాయి. దాగి ఉన్నవి బయటపడతాయి.

తోబుట్టువుల పిల్లలు ఒకరినొకరు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డకు అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుడి అల్లీల్ రెండు కాపీలుగా చేరే అవకాశం) 1/16. క్యూ 0.01 అయితే మామూలుగా జబ్బు వచ్చే అవకాశం 0.0001. వీళ్ల బిడ్డకు 0.0001 + (0.99 × 0.01 ÷ 16), అంటే సుమారు 0.0007, దాదాపు ఏడు రెట్లు. అయినా ఈ ఒక్క జబ్బు వరకు చూస్తే 1,400 మందిలో ఒకరికే. అల్లీల్ ఎంత అరుదైతే ఈ రెట్ల సంఖ్య అంత పెద్దదవుతుంది. రెట్లను ఒక్కటే చెప్పి భయపెట్టడమూ తప్పే, అసలు సంఖ్య చిన్నదని చెప్పి కొట్టిపారేయడమూ తప్పే. ఇలాంటి అంతర్గత జబ్బులు వందల్లో ఉన్నాయి కాబట్టి రెండు సంఖ్యలూ చెప్పాలి.

రెండు జనాభాలూ విడివిడిగా సమతాస్థితిలో ఉన్నాయి. కలిపి లెక్కిస్తే లేదని వస్తోంది. ఎలా?

దీన్ని వాలుండ్ ప్రభావం అంటారు. ఒకదాంట్లో పి 0.2, ఇంకోదాంట్లో 0.8 అనుకోండి. రెండిట్లోనూ విషమయుగ్మజాలు 32 శాతమే. కలిపితే సగటు పి 0.5, దాని ప్రకారం 50 శాతం రావాలి. ఉన్నది 32. ఎవరూ బంధువులను పెళ్లాడలేదు, వరణమూ లేదు. వేరు గుంపులను ఒకటే అనుకున్నందుకు వచ్చిన లోటు ఇది. విషమయుగ్మజాలు తక్కువగా వస్తే ముందు చూడాల్సింది నమూనా ఎక్కణ్ణుంచి తెచ్చారన్నదే.

## చదివాక మిగిలే సందేహాలు

అన్ని శక్తులూ ఒకేసారి పనిచేస్తుంటే చివరికి ఏది గెలుస్తుంది?

వరణానికీ విస్థాపనానికీ మధ్య పోటీని అంచనా వేయడానికి ఒక మోటు కొలత ఉంది: వరణ గుణకాన్ని (అల్లీల్ వల్ల కలిగే లాభం లేదా నష్టం మోతాదును) 1/(2 × ప్రభావ పరిమాణం)తో పోల్చండి. 0.001 లాభమున్న అల్లీల్ 50 జీవుల జనాభాలో ఉంటే, పోల్చాల్సిన సంఖ్య 0.01. లాభం అందులో పదోవంతే, కాబట్టి అల్లీల్ గతి దాదాపు అదృష్టం చేతిలోనే ఉంటుంది. అదే లక్ష జీవులుంటే 0.000005. అక్కడ వరణానిదే పైచేయి. చిన్న జనాభాల్లో స్వల్పంగా హానిచేసే అల్లీల్‌లు కూడా నిండిపోగలగడానికి కారణం ఇదే.

పరీక్షలో "సమతాస్థితి ఉంది" అని వస్తే పరిణామం జరగడం లేదని రాయొచ్చా?

రాయకూడదు. ఒక్క తరం యాదృచ్ఛిక జతకట్టుతోనే పి², 2పిక్యూ, క్యూ² నిష్పత్తి ఏర్పడిపోతుంది కాబట్టి, ప్రతి తరంలోనూ వాటా మారుతున్నా పుట్టిన పిల్లలను లెక్కిస్తే నిష్పత్తి సరిగ్గానే కనిపిస్తుంది. పైగా చిన్న నమూనాలో చిన్న తేడాలను ఈ పరీక్ష పట్టుకోలేదు. పరిణామం ఉందో లేదో తేలాలంటే కనీసం రెండు తరాల వాటాలను పోల్చాలి.

ఈ సూత్రాన్ని ఇప్పుడు నిజంగా ఎవరైనా వాడుతున్నారా?

రోజూ వాడుతున్నారు. జన్యు సలహాదారులు వాహక అవకాశాన్ని దీంతోనే అంచనా వేస్తారు. నేర పరిశోధనలో డీఎన్ఏ గుర్తులు యాదృచ్ఛికంగా సరిపోయే అవకాశాన్ని లెక్కించేటప్పుడు ఈ నిష్పత్తులే వాడి, జనాభాలో ఉపగుంపులు ఉండే వీలుంది కాబట్టి దానికి ఒక సవరణ కలుపుతారు.

అన్నిటికంటే ఎక్కువగా వాడేది మాత్రం తప్పులు పట్టడానికి. లక్షల జన్యుస్థానాలను యంత్రంతో చదివినప్పుడు, కొన్నిచోట్ల యంత్రం విషమయుగ్మజంలోని ఒక అల్లీల్‌ను చూడలేక దాన్ని సమయుగ్మజంగా రాసేస్తుంది. అక్కడ విషమయుగ్మజాల లోటు ఒక్కసారిగా బయటపడుతుంది, ఆ స్థానాన్ని విశ్లేషణ నుంచి తీసేస్తారు. అయితే ఈ జల్లెడను వ్యాధి లేనివాళ్ల నమూనా మీదే గట్టిగా పడతారు. రోగుల్లో నిష్పత్తి చెదిరి ఉంటే అది యంత్రం తప్పే కానక్కర్లేదు, ఆ అల్లీల్‌కు వ్యాధితో నిజంగానే సంబంధం ఉండి ఉండొచ్చు. రోగుల మీదా అంతే కఠినంగా పడితే వెతుకుతున్న జన్యువునే పారేసుకుంటారు.